రంగు రాని నాలుగు వందల పెట్టెలు

నరసరావుపేట,
9-2-1986

ముర్తుజాకు మీ ఖాలా కరీమున్నీసా సలాములు.

అక్కాచెల్లెళ్ళం నేనూ మీ అమ్మా క్షేమం. నువ్వు దుబాయి నుంచి పంపిన టీవీ ఆటల మిషన్ చెక్కుచెదరకుండా చేరింది. మీ అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మిక్సీ పంపరా అంటే ఇదేంది పంపాడు" అంది. నీ బదులు ఆ మాటలు నేను పడ్డాను.

మీ ఖాలూ చనిపోయాక నేను ఆయన రిపేరు షాపులో కూర్చున్న ఆరేళ్ళలో ఎన్ని రేడియోలు, ఎన్ని టీవీలు విప్పానో లెక్కలేదు. కానీ విప్పుతుంటే సంతోషం వేసిన వస్తువు ఇదొక్కటే. ఆడక ముందే మరలు తీసి లోపల చూశాను. బొమ్మను తయారుచేసే భాగాన్ని దళసరి రేకు డబ్బాలో పెట్టారు, పక్కింటి రేడియోలో గరగర రాకుండా. చేసినవాడికి పొరుగువాడి మీద కూడా ధ్యాస ఉందన్నమాట.

డాక్టరు గారి కలర్ టీవీ రిపేరుకు వచ్చి ఉంది. రిపేరు ఒక పూటలో అయిపోయింది. పరీక్షకు మాత్రం మూడు రోజులు పట్టిందని ఆయనకు చెప్పాను. తంతి ఆఫీసు పున్నయ్య గారు వచ్చి, నలభై దాటిన దానివి నీకిదేం పిచ్చి అన్నారు. ఆయనకూ ఆట ఆడించే కర్ర ఒకటి చేతికిచ్చాను. చీకటి పడేదాకా కదల్లేదు.

నువ్వు పంపిన ఎనిమిది క్యాసెట్లలో రెండే మంచివి. ట్యాంకుల ఆటకు వంక పెట్టలేం. చచ్చిన ప్రతిసారీ తప్పు నాదేనని తెలుస్తుంది, అందుకే మళ్ళీ మొదలుపెట్టాలనిపిస్తుంది. గుహలో దూకే ఆట ఉంది చూడు, అందులో కనపడని గోతిలో పడి చస్తాం. అది కష్టమైన ఆట కాదు, మోసం. మన పక్కింటి సుభాషిణి టీచరు నువ్వు పంపిన ఇంగ్లీషు పత్రిక చదివి చెప్పింది. ఈ అటారీ వాళ్ళ మిషన్‌కు ఎవరు పడితే వాళ్ళు క్యాసెట్లు చేసి దింపారట. మూడేళ్ళ కిందట అమెరికాలో షాపులు వాటితో నిండిపోయి, అడిగే దిక్కులేక బుట్టల్లో పోసి అమ్మారట. నా ఉద్దేశంలో జనానికి ఆటల మీద మొహం మొత్తలేదు. చెత్త ఆటల మీద మొత్తింది.

మిషన్ మాత్రం గట్టిది. ఎవరైనా కొంటామంటే నిర్భయంగా కొనుక్కోమను.

వేడిలో తిరిగి జబ్బు తెచ్చుకోకు.

మీ ఖాలా,
కరీమున్నీసా


దుబాయి,
2-3-1986

ఖాలాకు ముర్తుజా సలాములు.

నీ ఉత్తరం అంది వారమైంది. దాన్ని ఎన్నిసార్లు చదివానో! నా తరఫున అమ్మకు చెప్పు, మిక్సీ తప్పకుండా పంపుతాను.

నీ ఉత్తరంలోని మాటలు మా లాల్‌చంద్ సేఠ్‌కు హిందీలో చదివి వినిపించాను. ఎలక్ట్రానిక్ సరుకు అమ్మే దుకాణం నడుపుతున్నాడే గానీ ఆయనకు ఒక్క ఆటా తెలియదు. క్యాసెట్ల గురించి నువ్వు రాసింది విని కళ్ళు పెద్దవి చేశాడు. ఎవరు రాశారని అడిగాడు. ఖాలా అంటే నవ్వుతాడని, ఇంజనీరు మామ అని చెప్పాను. కోపగించుకోవద్దు.

ఇంకో సంగతి. ఇక్కడి రేవు గిడ్డంగిలో అమెరికా నుంచి దిగిన అటారీ మిషన్లు నాలుగు వందలు, పెట్టెలకొద్దీ క్యాసెట్లు చవగ్గా ఉన్నాయి. సేఠ్ నెల రోజులుగా ఊగిసలాడుతున్నాడు. "మిషన్ గట్టిది, నిర్భయంగా కొనుక్కోమను" అన్న నీ మాట రెండుసార్లు చదివించుకున్నాడు. కొనడానికే నిశ్చయించుకున్నాడు. అమ్మే బాధ్యత నాకు ఇస్తానన్నాడు. మూడేళ్ళుగా కౌంటర్ వెనక నిలబడి బ్యాటరీలు అమ్మినవాడిని ఖాలా, నాకు ఇది ఎంత పెద్ద మాటో నీకు తెలుసు.

జపాన్ నింటెండో వాళ్ళ మిషన్ కూడా అమెరికాలో దిగిందట. దాని మీద నీ అభిప్రాయం రాయి. సేఠ్ అడుగుతున్నాడు.

నీ
ముర్తుజా


నరసరావుపేట,
17-3-1986

ముర్తుజా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు కుదురుగా రాకపోతే కూడబలుక్కుని చదువు.

నేను గట్టిదన్నది నువ్వు నాకు పంపిన మిషన్‌ను. దాని అడుగున "పాల్" అని రాసి ఉంది. మన టీవీలదీ దుబాయి టీవీలదీ ఆ రంగు పద్ధతే. అమెరికాలో అమ్మడానికి చేసినవి వేరు పద్ధతి. మీ టీవీకి తగిలిస్తే బొమ్మ కిందికీ పైకీ జారిపోతుంది, రంగు రాదు, శబ్దం అసలే రాదు. పైగా వాటి అడాప్టర్లు నూటపది వోల్టులవి. మీ కరెంటులో పెడితే కాలిపోతాయి.

ఈ సంగతి తెలిసి కూడా నాకు రాయాలని తట్టలేదు. నువ్వు నాలుగు వందలు కొనిపిస్తావని కలగన్నానా?

ఈ ఉత్తరం చేరేసరికి ఆలస్యమైపోతుందేమోనని ఇప్పుడే వెళ్ళి తంతి ఇచ్చి వచ్చాను. మాట మాటకూ డబ్బులని పున్నయ్య గారు నా గోడునంతా మూడు ముక్కలు చేశారు. "రంగు పద్ధతి చూడు" అని ఇంగ్లీషులో పంపారు. నీకు అర్థమవుతుందో లేదో.

కొనకుండా ఆపు. ఆపావని రెండు ముక్కలు రాయి చాలు.

కరీమున్నీసా


దుబాయి,
22-3-1986

ఖాలాకు ముర్తుజా రాయునది.

నీ తంతి దుకాణానికి వచ్చింది. సేఠ్ నా పేరు పిలిచి ఆ కాగితం చూపించగానే అమ్మకు ఏదో అయిందనుకున్నాను. పక్క కౌంటర్ అతను విప్పి చదివాడు. రంగు పద్ధతి చూడమని ఉంది. ఏ రంగు, ఎవరి పద్ధతి? అమ్మ బాగానే ఉందన్న సంతోషంలో అది ఎందుకు వచ్చిందో కూడా ఆలోచించలేదు. జేబులో పెట్టుకున్నాను. అప్పటికే సరుకు లారీల్లో వస్తోంది.

మర్నాడు సేఠ్ తన స్నేహితులను పిలిచి, అందరి ముందు మొదటి మిషన్ తీశాడు. ప్లగ్గు పెట్టగానే అడాప్టర్ లోంచి పొగ వచ్చింది. మా దుకాణంలోని ఇక్కడి అడాప్టర్ పెట్టి చూస్తే తెర మీద బూడిదరంగు గీతలు పైకి జారిపోయాయి. శబ్దం లేదు. పన్నెండు పెట్టెలు విప్పాం. అన్నీ అంతే.

సేఠ్ అరవలేదు. అరిస్తే బాగుండేది. "మీ ఇంజనీరు మామ మనకు మంచి సలహా ఇచ్చాడు" అని మాత్రం అని లోపలికి పోయాడు.

గట్టిదని రాశావు ఖాలా. నిర్భయంగా కొనమన్నావు. తెలియనప్పుడు తెలియదని రాసి ఉండాల్సింది. నీ మాటను నేను దుకాణమంతా చాటాను. అమ్మకు ఇవేవీ చెప్పొద్దు.

ముర్తుజా


నరసరావుపేట,
5-4-1986

ముర్తుజాకు,

నా ఉత్తరమూ నీ ఉత్తరమూ దారిలో ఎక్కడో ఎదురుపడి ఉంటాయి. నాది ఈపాటికి చదివే ఉంటావు. చదివాక కూడా నేను ఏమీ తెలియనిదాన్నని అనిపిస్తే అనుకో. నువ్వు అన్నది నన్ను బాధపెట్టింది, దాచను. కానీ ఏ మిషనో రాయకుండా మిషన్ అని రాసింది నేను. షాపుకు వచ్చినవాళ్ళ దగ్గర ఏ కంపెనీ, ఏ మోడల్ అని పదిసార్లు అడిగేదాన్ని, సొంతవాడికి రాసేటప్పుడు అది మరిచాను.

మీ అమ్మకు చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చిందని తెలిసి గబగబా వచ్చి కూర్చుంది, చదవమంది. ఆమెకు అక్షరం రాకపోవడం ఇంత ఉపయోగపడుతుందని ఎన్నడూ అనుకోలేదు. నీకు పని పెరిగిందని, సేఠ్ మెచ్చుకున్నాడని, వేళకు తింటున్నావని చదివాను. చదువుతున్నంతసేపూ కాగితం మీద నుంచి కళ్ళు ఎత్తలేదు.

నీ ఉద్యోగానికి ఏమైనా ముప్పు ఉందా? రాయి.

కరీమున్నీసా


నరసరావుపేట,
20-5-1986

ముర్తుజా,

మార్చి పదిహేడు నుంచి లెక్కేస్తే ఇది నాలుగో ఉత్తరం. కోపంతో రాసినదాని తరవాత నీ దగ్గర నుంచి ఏమీ లేదు. పోస్ట్‌మ్యాన్ మన వీధి మలుపు తిరగకుండా పోతే మీ అమ్మ నా షాపుకొస్తుంది, తిరిగితే నేనే ఎదురుపోతాను. పాత ఉత్తరాన్నే మళ్ళీ తీసి, కొత్తదని చెప్పి చదివాను. ఇంకా ఎన్నిసార్లు చదవను?

కోపం ఉంటే తిడుతూ రాయి. తిట్టినా రాయి.

కరీమున్నీసా


దుబాయి,
8-6-1986

ఖాలాకు ముర్తుజా సలాములు.

నీ ఉత్తరాలు నాలుగూ ఈరోజే ఒకేసారి చేతికొచ్చాయి. మార్చి నెలాఖరున సేఠ్ నన్ను దుకాణం నుంచి రేవు గిడ్డంగికి మార్చాడు. ఉత్తరాలు దుకాణం సొరుగులో పడి ఉన్నాయి, ఎవరూ చెప్పలేదు. నువ్వు రాయడం మానేశావనుకున్నాను. నేను అలా రాశాక ఎందుకు రాస్తుందిలే అనుకుని, నేనూ రాయలేదు. పదిహేడో తేదీ ఉత్తరం చదివాక తల ఎత్తలేకపోయాను. నా మీద దయ ఉంచు.

నా పాస్‌పోర్టు సేఠ్ బీరువాలో ఉంది. ఆ నాలుగు వందల పెట్టెలు అమ్ముడుపోయాకే సెలవు, అప్పుడే పాస్‌పోర్టు అన్నాడు. ఈ గిడ్డంగిలో రోజూ వాటి ఎదురుగానే కూర్చుంటున్నాను. రాత్రి పడుకుంటే రేకుల కప్పు వేడికి చిటపటమంటుంది, ఆ చప్పుడుకు లేచి కూర్చుంటాను. ఎన్నేళ్ళు ఇక్కడే ఉండిపోతానో తెలియదు.

ఇంకో ఉత్తరం కూడా వచ్చింది. అమ్మ సుభాషిణి టీచరు చేత రాయించింది. మీ ఖాలా ఒకే ఉత్తరాన్ని మూడుసార్లు చదువుతోంది, నాకు తెలుస్తూనే ఉంది, నీకక్కడ పెళ్ళయి ఉంటే చెప్పు, నేనేమీ అనుకోను అని రాయించింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నకరికల్లు మస్తాన్‌రావు ఇక్కడ డ్రైవరు, సెలవు మీద ఊరొస్తున్నాడు. అతని చేత ఒక అమెరికా మిషన్, క్యాసెట్లు రకానికి ఒకటి చొప్పున ముప్పై ఆరు పంపుతున్నాను. అడాప్టర్ సంగతి నేను చూసుకుంటాను, ఇక్కడివి దొరుకుతాయి. మిగతాది నువ్వు చూడు. ఏమీ చేయలేనని తేలితే ఆ మాటే రాయి. ఈసారి నీ మాట పూర్తిగా చదువుతాను.

నీ
ముర్తుజా


నరసరావుపేట,
14-7-1986

ముర్తుజాకు సలాములు.

మస్తాన్‌రావు పెట్టె భద్రంగా తెచ్చాడు. బొంబాయి కస్టమ్స్‌లో ఇన్ని క్యాసెట్లు ఎందుకని అడిగితే, తన మేనత్తకు ఆటల పిచ్చి అన్నాడట. నేను అతని మేనత్తను ఎప్పుడయ్యానో తెలియదు గానీ వాళ్ళు వదిలేశారు.

మొదట చెడ్డ సంగతి. రంగు రాదు. పదమూడు రోజులు కొట్టుకున్నాను, కలర్ టీవీ మీద రంగు రప్పించడం నా చేత కాలేదు. ఆ ఆశ వదులుకో.

బొమ్మ జారడం టీవీ వెనక ఉండే బొమ్మ నిలిపే మర తిప్పితే ఆగుతుంది. శబ్దానికి ఒక మార్గం దొరికింది. మిషన్ లోపల శబ్దం తయారుచేసే దగ్గర ఒక చిన్న కాయిల్ ఉంది. దాని పక్క కెపాసిటర్ తీసి తక్కువది వేసి, కాయిల్‌లో మరను పావు చుట్టు తిప్పితే మన టీవీలో శబ్దం వచ్చింది. ఆ భాగాల బొమ్మ గీసి ఈ ఉత్తరం వెనక పెట్టాను. ఎర్ర సిరాతో చుట్టినదే తియ్యాలి, పక్కది ముట్టుకోవద్దు. సోల్డరింగ్ ఐరన్ మూడు లెక్కపెట్టేలోపు తీసెయ్యాలి.

ఇక అసలు సంగతి. మిషన్ ముందు వరుసలో ఒక మీట ఉంది, కలర్ టీవీకి ఒక పక్క, నలుపు తెలుపు టీవీకి ఒక పక్క. ఇన్నాళ్ళూ దాన్ని నేను పట్టించుకోలేదు. నా షాపు చిన్న నలుపు తెలుపు టీవీ మీద పెట్టి ఆ మీట తిప్పాను. అంతవరకూ కలిసిపోయిన ట్యాంకులు విడివిడిగా, ఒకటి తెల్లగా ఒకటి నల్లగా నిలబడ్డాయి. పదేళ్ళ కిందట ఈ మిషన్‌కు బొమ్మ గీసినవాళ్ళు కలర్ టీవీ కొనలేని ఇంటిని కూడా తలుచుకున్నారు. తరవాత వచ్చిన చాలామంది ఆ మీట ఉన్న సంగతే మరిచారు. వాళ్ళ ఆటల్లో మీట ఎటు తిప్పినా ఒకటే. ఎర్ర పురుగేదో పచ్చ పురుగేదో తెలియక, ఎవరి చేతిలో చచ్చామో తెలియకుండా చస్తాం.

కాబట్టి ముప్పై ఆరూ కూర్చుని ఆడాను. రంగు లేకపోయినా ఆకారాన్ని బట్టి, కదలికను బట్టి తెలిసే ఆటలు పద్నాలుగు తేలాయి. పేర్లు వేరే కాగితం మీద ఉన్నాయి, ఒక్కోదాని ఎదురుగా ఎవరికి నచ్చుతుందో రాశాను. ఇద్దరు కలిసి ఆడేవి ముందు పెట్టు. ఒంటరిగా ఉన్నవాడు ఆట కొనడు, పక్కన మనిషి ఉంటే కొంటాడు. మిగతా ఇరవై రెండూ ఎవరికీ అమ్మొద్దు.

వీటిని కలర్ టీవీ ఉన్న ఇళ్ళకు అమ్మజూస్తే రెండో రోజే తిరిగొస్తాయి. నలుపు తెలుపు టీవీ ఉన్నవాళ్ళను వెతుకు. రంగు రాదని ముందే చెప్పు. చెప్పకుండా ఒక్కటి కూడా అమ్మొద్దు.

మీ అమ్మ వారం నుంచి నా షాపుకు రావడం లేదు. పెళ్ళి సంగతి నేను దాస్తున్నానని అనుకుంటోంది. నిజం చెప్పడానికి రెండుసార్లు వెళ్ళి, ఉప్పు అడిగి తిరిగొచ్చాను. నీ పాస్‌పోర్టు మాట చెబితే ఆమె తట్టుకుంటుందా అని భయం.

కరీమున్నీసా


దుబాయి,
28-9-1986

ఖాలాకు ముర్తుజా సలాములు.

ఆలస్యానికి కోపగించుకోవద్దు. పగలంతా చేతిలో సోల్డరింగ్ ఐరనే. మొదటి మూడు మిషన్లు పాడుచేశాను, బొటనవేలు కాల్చుకున్నాను. నాలుగోది పలికింది. ఆ బొంయ్ మన్న చప్పుడు వినగానే గిడ్డంగిలో ఒక్కడినే కూర్చుని ఏడ్చాను.

సేఠ్‌కు చెప్పకుండా ఒక శుక్రవారం ఒకటి సంచిలో వేసుకుని మన గురజాల వాళ్ళుండే కూలీల క్యాంపుకు వెళ్ళాను. గదికి ఎనిమిది మంది. ఊరెళ్ళిపోయిన ఎవరో వదిలేసిన నలుపు తెలుపు టీవీ ఉంది. రంగు రాదని ముందే చెప్పాను. "టీవీకే లేదు, నీ పెట్టెకెందుకు" అన్నాడు ఒకతను. ట్యాంకుల ఆట పెట్టాను. త్రికోటేశ్వరరావు అనే తాపీమేస్త్రీ ఉన్నాడు. కొడుకు పోయిన కబురు వచ్చినప్పటి నుంచి నాలుగు నెలలుగా ఎవరితోనూ మాట్లాడడట. పక్కవాడు బలవంతాన కర్ర చేతిలో పెట్టాడు. చానాసేపు ఊరికే పట్టుకుని కూర్చున్నాడు. తన ట్యాంకు రెండుసార్లు పేలాక, "గోడ చాటున దాక్కోవాలి గదా, మనిషన్నాక" అన్నాడు. ఆ మాట విని పడుకున్నవాళ్ళు కూడా లేచి చుట్టూ చేరారు. అరగంటలో ఎదుటివాడిని ఓడించాడు.

ఎనిమిది మందీ కలిసి అది కొనుక్కున్నారు. మర్నాటికి పక్క గదివాళ్ళు వచ్చారు. ఇప్పటికి మూడు వందల పైచిలుకు పోయాయి. రెండే తిరిగొచ్చాయి, అవి నా సోల్డరింగ్ తప్పు. ఆ ఇరవై రెండు రకాలూ అట్టపెట్టెల్లో అలాగే ఉన్నాయి.

నిన్న సేఠ్ పిలిచి, మీ ఇంజనీరు మామ గొప్పవాడు, ఉత్తరం రాసి అభినందనలు చెప్పు అన్నాడు. ఇంక ఓపిక లేకపోయింది. మామ లేడు, మా ఖాలా ఉంది, నరసరావుపేటలో రేడియోలు బాగుచేస్తుంది, తప్పు చదివింది నేను, సరిదిద్దింది ఆమె అని చెప్పేశాను. "ఆడమనిషి మాటని ముందే చెప్పి ఉంటే ఆ సరుకు కొనేవాడినే కాదు కదరా" అన్నాడు. తరవాత బీరువా తీసి పాస్‌పోర్టు బల్ల మీద పెట్టాడు. మిగిలినవి నవంబరు నెలాఖరుకు అవుతాయి, డిసెంబరులో వెళ్ళి రమ్మన్నాడు.

జపాన్ మిషన్‌కు హాంకాంగ్‌లో చేసిన నకళ్ళు వస్తున్నాయి. వాటి మీద మీ ఖాలా ఏమంటుందో అడుగు అన్నాడు. అడుగుతున్నాను.

అమ్మకు నిజం చెప్పు ఖాలా. నేను రాయలేకపోతున్నాను.

నీ
ముర్తుజా


నరసరావుపేట,
15-10-1986

ముర్తుజాకు సలాములు.

పాస్‌పోర్టు చేతికొచ్చిందని చదివాక షాపు తలుపు వేసి ఆ పూటకు పని మానేశాను.

సేఠ్ అడిగినదానికి జవాబు. ఈసారి నా పేరు చెప్పి చదువు. నింటెండో వాళ్ళు అమెరికా మిషన్‌లో తాళం లాంటి చిప్పు పెట్టారని, బయటి కంపెనీని ఏడాదికి ఐదు ఆటలకు మించి చెయ్యనివ్వరని సుభాషిణి చదివి చెప్పింది. తలుపు తెరిచిపెట్టి అటారీ పడిన పాట్లు చూసి నేర్చుకున్నారు. ఆడేవాడికి ఇది మంచిదే, చెత్త తగ్గుతుంది. కానీ తాళంచెవి ఒక్కరి చేతిలోనే ఉంటే రేపు వాళ్ళు ఎంత చెబితే అంత. నకళ్ళ సంగతి, వస్తువు చూడకుండా చెప్పను. ఒకటి పంపమను. అడుగున ఏమి రాసి ఉందో కూడా రాయమను.

నిన్న మధ్యాహ్నం మీ అమ్మ ఇంటికి వెళ్ళాను. ఉత్తరాలన్నీ చీరచెంగులో మూటగట్టుకుని వెళ్ళాను. పెళ్ళి కాదని ముందు చెప్పి, మొదటిదాని నుంచి వరసగా, ఉన్నది ఉన్నట్టు చదివాను. అడాప్టర్ పొగ, గిడ్డంగి, పాస్‌పోర్టు, కాలిన వేలు, ఏదీ వదల్లేదు. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది. నేను ఏమి కల్పించి చదివానో, అసలు ఏముందో మధ్యలో అడగనే లేదు. అంతా అయ్యేసరికి సాయంత్రం అస్ర్ నమాజు వేళ అయింది. తిడుతుందని, ఇంక నాతో మాట్లాడదని అనుకున్నాను.

చేట పక్కన పెట్టి, ఆ కాగితాలు ఇటివ్వమంది. చదువు రాకపోయినా ఒక్కొక్కటీ తీసి చూసింది. తరవాత అంది: "నువ్వు కల్పించినయ్యే బాగుండాయి కరీమా. వాటిల్లో వాడు వేళకి తిన్నాడు."

నీ ఉత్తరాలు ఇప్పుడు ఆమె దగ్గరే ఉన్నాయి. తిరిగి ఇవ్వనంది.

మీ ఖాలా,
కరీమున్నీసా